జయంతిగారి చక్రాల కుర్చీ

నిక్షేపంగా నడిచే మనుషులను కూడా చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుపోయే ఆవిడను ఏమనాలి? డాక్టర్ రామమోహన్‌కు ఈనాటికీ జవాబు దొరకలేదు.

ఎనభైల మొదట్లో జెర్సీ సిటీలోని ఆయన క్లినిక్‌లో జయంతిగారు మెడికల్ అసిస్టెంటు. అపాయింట్‌మెంట్లు ఇవ్వడం, పేషెంట్లను లోపలికి తీసుకురావడం, ఇన్సూరెన్సుకు క్లెయిములు పంపడం అన్నీ ఆవిడే. పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ ఒక చలికాలం నుంచి ఏ పేషెంటూ సొంత కాళ్ళ మీద డాక్టరు గది చేరిన పాపాన పోలేదు.

"కాళ్ళు ఫుట్‌రెస్టు మీద పెట్టండి. చేతులు లోపల. బ్రేకు తీస్తున్నా. రైట్, రైట్!" అని బెజవాడ సిటీ బస్సు కండక్టరులా కేకేసి తోసేసేవారు.

శ్రీధర్ అనే కుర్రాడు టెన్నిస్ ఆడుతూ ఆడుతూ బ్యాటుతోనే వచ్చాడు.

"ఆంటీ, నాకు జలుబు. కాళ్ళు ఫైన్."

"తుమ్మొస్తే కళ్ళు మూసుకుంటావా లేదా? కళ్ళు మూసుకుని నడిస్తే గోడకి గుద్దుకోవూ? ఎక్కు."

ఎక్కాడు. ఎక్కక చస్తాడా!

"ఇదేం పిచ్చండీ?" అన్నారు డాక్టరుగారు ఒకరోజు.

"ఎవరైనా జారిపడితే ఇన్సూరెన్స్ వాళ్ళతో ఫోన్లో తగువులాడేది మీరా, నేనా సార్?"

ఇన్సూరెన్స్ వాళ్ళంటే డాక్టరుగారికి యముడికన్నా భయం.

ఒక శుక్రవారం కుర్చీలో ఒక బొద్దు మనిషి వచ్చాడు. డాక్టరుగారు బీపీ చూశారు, నాలుక చూశారు, ఉప్పు మానెయ్యమన్నారు. అంతా విన్నాక ఆ మనిషి వినయంగా, పాడైన ఫోను ఎక్కడుందని అడిగాడు. అతను ఫోను బాగుచేయడానికి వచ్చినవాడు!

డాక్టరుగారు మండిపోయారు. "సోమవారం నుంచి నడవలేనివాళ్ళకే కుర్చీ. ఈ ఊరేగింపులు చాలు!"

"ఈ ఒక్క సోమవారం వదిలెయ్యండి సార్."

"కుదరదు."

జయంతిగారు ఇంకేదో అనబోయి, "అలాగే సార్" అన్నారు.

సోమవారం వెయిటింగ్ రూమ్ కిటకిటలాడుతోంది. అనంతరామయ్యగారు ఒక చేత కర్ర, ఒక చేయి కూతురు నళిని భుజం మీద వేసి, కుంటుకుంటూ వచ్చారు. తెనాలిలో హెడ్మాస్టరుగా చేసిన మనిషి. షుగరుతో అరికాల్లో పుండు పడింది. దానిమీద బరువు మోపితే పాదమే తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో.

ఆయన మడిచి గోడకు ఆనించిన చక్రాల కుర్చీని చూశారు. చుట్టూ చూశారు.

"ఏమ్మా జయంతీ, ఇవాళ ఎవరూ ఎక్కలేదేం?"

"మీరు రండి మాస్టారూ."

"నేనొక్కణ్ణేనా? ఇంతమంది ముందా? వద్దమ్మా. నళినీ, కారు తియ్యి. ఇంటికి పోదాం."

తన గది గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న డాక్టరుగారి దగ్గరకు నళిని గబగబా వచ్చింది. గొంతు తగ్గించింది.

"పుండు పడిన కొత్తలో, హాస్పిటల్లో వీల్‌ఛెయిర్ తెచ్చారని నాన్న కట్టు కూడా మార్పించుకోకుండా వచ్చేశారండీ. ఆ సంగతి జయంతిగారికి చెప్పాను. ఆ మర్నాడే ఇక్కడ ఈ బస్ సర్వీస్ స్టార్టయింది. నాన్నకి అపాయింట్‌మెంట్ కూడా ఎప్పుడూ మధ్యలోనే ఇస్తారు, ముందూ వెనకా ఎవరో ఒకరు ఎక్కేలా."

డాక్టరుగారు జయంతిగారి వైపు చూశారు. ఆవిడ ఫోను తుడుస్తున్నారు, అది అప్పటికే తళతళలాడుతున్నా.

డాక్టరుగారు వెళ్ళి కుర్చీ విప్పి, మెళ్ళో స్టెతస్కోపుతో సహా అందులో కూర్చున్నారు.

"జయంతిగారూ, పొద్దుటినుంచి ఒకటే కాళ్ళు లాగుతున్నాయి. నన్ను నా గదిలో దింపండి."

గదిలో అందరూ తలలు తిప్పి చూశారు. జయంతిగారు మాత్రం తొణకలేదు. "మోకాళ్ళు దగ్గరగా పెట్టండి సార్. గుమ్మానికి తగుల్తాయి."

"రైట్, రైట్!" అని డాక్టరుగారే అరిచారు.

మాస్టారు పగలబడి నవ్వారు. "తర్వాత నేను! నా వెనక ఎవరైనా లైన్లో ఉండండయ్యా!"

మూలనున్న జగదీష్ అనే దృఢకాయుడు చెయ్యెత్తాడు. ఆయన వచ్చింది చెవిపోటుకి.

మాస్టారి పుండు మానుతోంది. ఆ మాట చెప్పి, దాంతోపాటు ఇంకో మంచిమాట కూడా చెబుదామని సాయంత్రం డాక్టరుగారు ముందు గదిలోకి వచ్చారు. కొక్కేనికి జయంతిగారి కోటు లేదు. కిటికీలోంచి చూస్తే, రోడ్డవతల ఆవిడ బ్యాగు చంకలో పెట్టుకుని, వెళ్ళొస్తానని ఒక్క ముక్కైనా చెప్పకుండా, రోజూ ఎక్కే బస్సు ఎక్కేస్తున్నారు.