గోడలు తిరిగి తెచ్చినాయన

ఏలూరులో నేను గేమ్ సెంటర్ నడిపే రోజుల్లో, పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసే ఒకాయన రోజూ వచ్చి తుపాకుల ఆట ఆడేవాడు. కంప్యూటర్‌ని కూడా మీరు అనే మనిషి. మిక్సింగ్ అయిన వీడియో రెండరై తయారవుతుంటే తెర ముందుకు వంగి, "కంగారేం లేదు, నెమ్మదిగానే రండి" అని బతిమాలేవాడు.

ఒకసారి తాడేపల్లిగూడెం జట్టుని ఆయన ఒక్కడే మట్టికరిపించాడు. నలభై మందిని అని చెబుతుంటాను గానీ, ఐదుగురే. ఆ ఆట రికార్డింగు మా సెంటర్లో వేసి చూస్తే గోడలు మాయమై, వాటి వెనక దాక్కున్నవాళ్ళు కనిపించారు.

"గోడల్లోంచి చూసి కాల్చారండీ. ఇది మోసం" అన్నారు ఆ జట్టువాళ్ళు.

ఆయన అదే రికార్డింగు తన మిషన్ మీద రెండర్ చేసి తెచ్చాడు. గోడలన్నీ ఉన్నాయి.

"మిక్సింగ్ చేసేవారు కదండీ, గోడలు అతికించడం మీకెంతసేపు?" అని నవ్వారు.

ఆయన నావైపు తిరిగాడు. "బాబాయ్ గారూ, తెర మీద బొమ్మ గీసే మీ గ్రాఫిక్స్ కార్డు పాడై గోడలు మాయమయ్యాయని ఒక్క మాట చెప్పండి."

గోడలు తిరిగొచ్చేలా ఆ వీడియో బాగుచేసింది నేనేనని తర్వాత కొల్లేటికోట దాకా గొప్పలు చెప్పుకున్నాను. నిజానికి కార్డు పాడైందని నాకు నెల ముందే తెలుసు. ఒప్పుకుంటే ఆడేవాళ్ళు రారని, ఆ రోజు మాత్రం "మా మిషన్లన్నీ కొత్తవేనండీ" అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. పై వారం కొత్త కార్డు వేయించి కబురు పెట్టాను. "పెళ్లిళ్ళ సీజన్ కదండీ, తీరిక లేదని చెప్పండి" అన్నాడట.

అది ఆషాఢమాసం.