ఒడీల్ మేడమ్ నోటుపుస్తకంలో ఒక కాగితం

ఎండలో నిలిపిన కారు తలుపు తీయగానే కాగిన సీటు వాసన, దుమ్ము వాసన కలిసి ముఖానికి కొడితే చాలు, విశాఖలో ఉన్నా సరే, నేను మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనైపోతాను. అప్పుడు మేం ఖతార్‌లో, అల్ వక్రాలో ఉండేవాళ్ళం. అమ్మ క్లినిక్‌లో నర్సు, నాన్న అద్దెకారు డ్రైవరు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తోందని ఎటు చూసినా క్రేన్లే; సాయంత్రాలు హార్బరు గాలి చేపల వాసన మోసుకొస్తుంటే, మేడ మీద నిలబడి ఏ క్రేను ఎటు తిరుగుతుందో పందెం కాయడమే నా ఆట.

ఆ ఏడు నాన్న కారును నెలల తరబడి మాట్లాడుకున్న మనిషి ఒడీల్ మేడమ్. ఫ్రాన్స్‌లో ఏదో రేవు పట్టణంలో పుట్టి, అక్కడి జాలరుల సమ్మె గురించి రాసి పత్రికలో చేరిందట. ముప్పై ఏళ్ళు వరదలూ యుద్ధాలూ గని ప్రమాదాలూ రాసింది. నువ్వు రాసేవి వింటే భయమేస్తోందని తన కూతురు ఏడ్చినప్పటి నుంచి పిల్లల కథలు కూడా మొదలుపెట్టింది. శుక్రవారాలు మా ఇంట్లో చాప మీద కూర్చుని, కళ్ళనీళ్ళు కారుతున్నా గోంగూర పచ్చడన్నం వదలకుండా తిని, నాకు ఇంగ్లీషులో సముద్రానికి దారి తప్పిన ఒంటె కథ చెప్పేది. కథ అవగానే అదే పెన్నుతో నోటుపుస్తకంలో కూలీల క్యాంపుల్లో విన్న మాటలు రాసుకునేది. నాకు తికమకగా ఉండేది.

"ఇందులో మీ అసలు పని ఏది?" అని అడిగాను.

"నాకూ సరిగ్గా తెలియదు" అంది నవ్వుతూ.

అల్ వుకైర్ వైపు క్యాంపులో లింగయ్య అనే తెలంగాణ కూలీ, ఎండదెబ్బకు తన స్నేహితుడు సైటులో పడిపోయి చనిపోయిన సంగతి ఆమెకు చెప్పాడు. తర్జుమా చేసింది నాన్నే. రెండు రోజులకే ఎవరో ఫోన్ చేసి, ఆవిడతో క్యాంపుకు వెళ్ళింది నువ్వేనా అని అడిగారు. నాన్న ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాడు.

"ఆవిడకేం, విమానం ఎక్కి వెళ్ళిపోద్ది. మా పేర్లు అచ్చులో కనపడితే నన్నూ లింగయ్యనీ దేశం నుంచి పంపేత్తారే" అన్నాడు అమ్మతో.

ఆ శుక్రవారం ఆమె నోటుపుస్తకం మా సోఫా మీద మరిచిపోయి వెళ్ళింది. తెరిస్తే అంతా ఫ్రెంచి. ఒక్క పేజీ అడుగున మాత్రం వంకర తెలుగు అక్షరాలు: లింగయ్య పేరు, ఊరు, సంతకం. అమ్మ నేర్పిన తెలుగుతో కూడబలుక్కుని చదివాను. ఆ పేజీ చించి, ముక్కలు చేసి, బాత్రూంలో వేసి నీళ్ళు వదిలేశాను. నాన్నను కాపాడాననుకున్నాను.

మర్నాడు ఆమె వచ్చి పేజీలు తిప్పి, చిరిగిన అంచు దగ్గర ఆగి, నా వైపు చూసింది.

"భయం వేసిందా?"

తలూపాను. ఆమె పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. మళ్ళీ సంతకం తీసుకుందామని ఆమె వెళ్ళేసరికి ఆ క్యాంపు వాళ్ళను వేరే సైటుకు మార్చేశారు. సంతకం లేనిదే లింగయ్య చెప్పింది వెయ్యలేమంది పత్రిక. ఆమె వెళ్ళిపోయింది.

కొన్ని నెలల తర్వాత నేనూ నాన్నా హార్బరు దగ్గర ఉంటే లింగయ్యే నాన్నను గుర్తుపట్టి పరుగున వచ్చాడు.

"అన్నా, మేడమ్ పేపర్ల నా పేరేసిందా?"

"లేదు లింగయ్యా. నీకు భయం లేదా?"

"భయమెందుకే? నేనే రాయుమన్న. కంపెనీ ఏమో సచ్చిపోయిన నా దోస్తుకు ముందే గుండె జబ్బున్నదని రాసిచ్చింది. కాదని పేరువెట్టి చెప్పేటోన్ని నేనొక్కన్నే."

నేను నాన్న చొక్కా వెనక దాక్కున్నాను. పేజీ చించిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

మరుసటేడు ఫ్రాన్స్ నుంచి నాకో బొమ్మల పుస్తకం వచ్చింది. అందులో ఒక మనిషి తన స్నేహితుడి కోసం నీళ్ళు వెతుకుతూ ఎడారంతా తిరుగుతాడు. ఆ మనిషికి పేరు లేదు.

ఒడీల్ మేడమ్ ఇప్పుడు లేదు. ఆ క్యాంపూ లేదట, రోడ్డు వేశారట. నేను చేసింది తప్పో కాదో ఈనాటికీ తేల్చుకోలేను. లింగయ్య ఊరు గుర్తు తెచ్చుకోవాలని మాత్రం ఎన్నోసార్లు కూర్చుంటాను. చివర్న 'పల్లి' అని ఉండేది. దానికి ముందున్న అక్షరాలు గుర్తుకు రావు.