తిట్లన్నీ తండ్రికే

మా పక్క పోర్షన్ ఆంటీ సోమవారం పొద్దున ఉప్పల్‌ల దవాఖానల చనిపోయింది. నాచారంల మా గల్లీకి తీరని లోటు అని గంభీరంగ రాద్దామనుకున్న. కానీ నల్లా కాడ ఆమెతోని కొట్లాడని మనిషి మా గల్లీల లేడు. ఆ కొట్లాడినోళ్ళంతా వచ్చి ఏడ్చిన్రు.

ఆంటీ తమ్ముడు జైల్ల ఉన్నడు. ఆయన బిడ్డ రెండో తరగతి, తల్లి లేదు. మేనత్తగా ఆంటీయే సాదింది. మల్లాపూర్ బిస్కెట్ల ఫ్యాక్టరీల ప్యాకింగ్ పని చేసేది. జైల్ల తమ్ముని చూడనిచ్చే ములాఖత్ రోజు మాత్రం సెలవు పెట్టేది. ఇంజనీరింగ్ పూర్తి చేసి ఖాళీగ ఉన్న నేను వాళ్ళిద్దరికీ అధికారిక బండి డ్రైవర్‌ను.

గల్లీనంతా తిట్టే ఆంటీ, ఆ పిల్లను మాత్రం ఒక్క మాట అనకపోయేది. వాటర్ బాటిల్ పోగొట్టినా, ఎక్కాలు ఎగ్గొట్టినా, "ఆగు, మీ నాయనకు చెప్త" అనేది.

"ఆయన దాకా ఎందుకాంటీ, నువ్వే నాలుగు తగిలించరాదు?" అన్న ఒకసారి.

"ఏం రా ఇంజనీరూ, తిట్టుడు గూడ నేనే తిడితే, ఇగ వాడెందుకు తండ్రి?"

లోపల అద్దానికి అవతల ఆయన, ఇవతల వీళ్ళు, మధ్యల ఫోను. ఆంటీ పిల్ల నేరాలన్నీ చెప్పేదట. ఆయన తిట్టబోయి ఏడ్చేటోడట. "ఏడుపు తర్వాత, ముందు తిట్టు. టైమైపోతది!" అని ఆంటీ గదమాయించేదట. తిరిగొస్తుంటే పిల్ల ఇదంతా బండి మీద యాక్ట్ చేసి చూపెట్టేది. "మా నాయన మస్తు తిట్టిండన్నా!" అని ఎంత గొప్పనో.

నాకైతే ఇంకా ఉద్యోగం రాలేదు గానీ, తమ్ముడు చేసే తండ్రి కొలువును మాత్రం ఆంటీ ఒక్కనాడు ఖాళీ పడనియ్యలే.

ఇప్పుడు పిల్ల మా ఇంట్లనే ఉంటున్నది. ఆంటీ లేని మొదటి ములాఖత్‌కు నిన్న నేనే తీస్కపోయిన.

"నువ్వేమైతవు?" అన్నడు గేటు కాడి జవాను.

"పక్కింటోన్ని సార్."

"నడవదు. ఎవలన్న పెద్దోళ్ళు, సొంత చుట్టం రావాలె."

"ఉన్న ఒక్కామె పోయింది సార్. పిల్లనన్నా పంపుండ్రి."

"ఒక్క పిల్లను పంపరాదు. నేనేం జేస్త తమ్మీ?"

కసురుకుంటే బతిమాలేటోన్ని. కానీ ఆయన మెత్తగ చెప్పిండు. ఆఫీసుల దరఖాస్తు పెట్టిన. ఎన్నడు తేలుతదో ఎవ్వరూ చెప్పలే.

"నేనొచ్చిన అని నాయనకెట్ల తెలుస్తదన్నా?" అన్నది పిల్ల.

తెల్వదు బిడ్డా, అన్న.

వాపసు వచ్చేటప్పుడు ముందుకు తిరిగి కూసోనన్నది. నా వీపుకు వీపు ఆనించి, జైలు దిక్కు మొఖం పెట్టి కూసున్నది. మల్లాపూర్ షెడ్లు అడ్డమొచ్చి జైలు గోడ కనబడకుండ పోయినంక గూడ చెయ్యి ఊపుతనే ఉన్నది. వెనకాల లారీ డ్రైవర్ తనకే అనుకున్నడో ఏమో, నవ్వి, తిరిగి చెయ్యి ఊపిండు.