చదివి వినిపించని మాట

సైటు ఆఫీసు రేకుల షెడ్డులో టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా ఆ చప్పుడు వినబడింది. భోజనాల వేళ ఎవరూ పని చేయరు. కానీ సుత్తి దెబ్బ కర్ర మీద పడుతోంది, అదీ భవనం ముందు వైపు నుంచి. డబ్బా పక్కన పెట్టేశాను.

ముందు వైపు పోర్టికో స్లాబు గోడ దాటి బయటికి చొచ్చుకొచ్చి ఉంటుంది. సిమెంటు గట్టిపడేదాకా దాన్ని మోసేందుకు కింద నిలబెట్టిన కర్రలను తాను చెప్పేదాకా ముట్టుకోవద్దని ఇంజనీరు మద్రాసు వెళ్తూ, సైటులో లెక్కలూ ఆర్డరు పుస్తకమూ రాసే నాకు చెప్పారు. ఆడకూలీలు అన్నం తినేది ఆ నీడలోనే.

పరిగెత్తాను. "లేవండక్కా! బయటికి రండి!"

"ఏమ్మా, మేం తినే ముద్దలు గూడా లెక్క రాసుకోను వచ్చినావా?" అని ఒకామె నవ్వింది. నా మొహం చూసి గిన్నెతోనే లేచింది. ఆమె వెనకే మిగతావాళ్లు. అప్పటికే నాలుగు కర్రలు నేల మీద ఉన్నాయి.

స్లాబుకు కర్రలు కట్టే సెంట్రింగు పనివాళ్ల పెద్ద, తమిళాయన, సుత్తి దించాడు. "ఎన్నమ్మా ఇదు, ఏందిది? మేస్త్రీనే కదా తీసుకోమన్నాడు. కనియంబాడిలో మా ఇంకో పనికి కర్రలు వేణుమే, కావాల కదా."

మేస్త్రి వచ్చాడు. యాభై దాటిన మనిషి, తెలుగాయనే. విషయం విని నన్ను పక్కకు పిలిచాడు.

"తీయొద్దని నాకెవురు చెప్పినారమ్మా?"

"ఆర్డరు పుస్తకంలో రాసినానన్నా. మీరు సంతకం చేసినారు."

"నువ్వు యాడ పెట్టమంటే ఆడ పెట్టినాను. అందులో ఏముండాదో చెప్పినావా?" గొంతు బాగా తగ్గించి అన్నాడు.

చెప్పలేదు. అతనికి తమిళంలో పేరు రాయడం వరకే వచ్చు. అది నాకు తెలుసు, అతని మనుషులకు తెలియదు. రోజూ సంతకం చేయించేటప్పుడు మాటల్లో మాటగా విషయం చెప్పేదాన్ని. ఈ మాట రాసిన రోజు మా చిన్నోడికి జ్వరం. మా ఊరు గుడియాత్తం బస్సు అందుకోవాలని పుస్తకం చాచి, వేలితో చోటు చూపించి, వెళ్లిపోయాను.

కర్రలు మళ్లీ నిలబెట్టారు. గోడకు కలిసే చోట స్లాబు మీద వెంట్రుకంత బీట కనబడింది. ఎస్టీడీ బూత్ నుంచి మద్రాసుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను, పుస్తకం చదివి వినిపించలేదన్న సంగతి తప్ప.

"రేపు పొద్దున్నే వస్తాను. ఆ మేస్త్రిని పంపించేద్దాం" అన్నారు ఇంజనీరు.

"సరే సార్" అన్నాను.

ఆ సరే బస్సులో నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. వేలూరులో ఎక్కడ చూసినా పాత ఇళ్లు కొట్టి షాపుల కాంప్లెక్సులు కడుతున్న రోజులవి. మేస్త్రికి ఇంకో పని దొరకకపోదు అని ఒకసారి అనుకున్నాను. మనుషుల మీద స్లాబు వదిలాడన్న పేరుతో ఎవరు పిలుస్తారని మరోసారి. నిజం చెప్పి నా ఉద్యోగం పోతే? ఇంట్లో మగ్గం రోజు విడిచి రోజు ఆడుతోంది.

మా ఆయన మగ్గం గుంతలోంచే తల ఎత్తి విన్నాడు. "సంతకముండాది గదా. నీ మీదికి యాడొస్తుంది?"

అవును, రాదు. రాదన్న ఊరట కలిగినందుకే సిగ్గేసింది. ముత్యాల్లాంటి అక్షరాలని ఇంజనీరు మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని. పుస్తకంలో ఎక్కితే మాట చేరిపోయినట్టే అనుకున్నాను. పొద్దున్నే మేస్త్రి మనుషులనూ సెంట్రింగువాళ్లనూ ఒకచోట నిలబెట్టి చదివితే పావుగంట పట్టదు. అలా చేసి ఉంటే చదువు రాదన్న అతని గుట్టూ దాగేది, ఆ కర్రలూ నిలిచేవి.

తెల్లవారకముందే వంట ముగించాను. పిల్లలిద్దరూ లేచి వచ్చారు. పెద్దది కళ్లు నులుముకుంటూ, "ఇంత పొద్దున్నే యాడికిమ్మా?" అంది.

"ఆఫీసుకే. మా మేస్త్రి తాతను పని మానుకోమంటారంట. నేను చెప్పాల్సిన మాట చెప్పలేదు, దానికి ఆయన్ను పంపిస్తే ఎట్ల? ఆ సంగతి అందురి ముందర చెప్పను పోతాండా. నన్ను తిట్టొచ్చు, రేపట్నించి రావద్దనొచ్చు. సాయంత్రం నా మొహం ఎట్లున్నా సరే, ఏమైందని అడగండి. మీకు చెప్తాను."