చల్లటి మంట కోసం ఆగిన పన్ను

నోటిని కాస్త అదుపులో పెట్టుకోమని అమ్మ చిన్నప్పటి నుంచీ మొత్తుకునేది. పళ్ల డాక్టరునై ఊరందరి నోళ్లూ బాగుచేయడం మొదలుపెట్టాక కూడా నా నోరు బాగుపడలేదు.

పలాసలో ఒక గది అద్దెకు తీసుకుని క్లినిక్ పెట్టిన కొత్త. అది రెండు వేల అయిదో ఆరో సంవత్సరం. సముద్రపు ఒడ్డునున్న భావనపాడు నుంచి మా మావ వచ్చాడు. అమ్మకి అన్న. కిడ్నీలు దెబ్బతిని అప్పటికే చేపల వేట మానేశాడు. ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు బాగుచేసేవాడు. చేతులు రెండూ ముడి మీద ఉంటాయి కనుక దారం కొసను కుడివైపు దవడ పళ్ల మధ్య బిగపట్టి తల వెనక్కి లాగేవాడు. ముడి బిగిసిందో లేదో పన్నే చెబుతుందనేవాడు. ఎడమవైపు పళ్లు ఎప్పుడో ఊడిపోయాయి. కుడివైపు మిగిలిన ఒకే ఒక్క జతలో ఇప్పుడు కింది పన్ను పుచ్చింది. అది పోతే ఆ పని కూడా పోతుంది.

చూశాను. గుంట పెద్దదే కానీ రూట్ కెనాల్ చేసి తొడుగు వేస్తే నిలబడుతుంది. తీరా డ్రిల్లు చప్పుడు వినగానే మావ కుర్చీలోంచి లేచిపోయాడు. గాలివానలో తెప్ప నడిపిన మనిషి! నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. పోనీ అని నొప్పి మాత్రలు ఇచ్చి పంపడానికీ లేదు. అవి కిడ్నీలకు పడవు.

అదిగో, అక్కడ నా నోరు ఊరుకోలేదు. అంతకు ముందే ఒక పత్రికలో కోల్డ్ ప్లాస్మా గురించి చదివాను. వాయువులోకి కరెంటు పంపితే ఊదారంగులో సన్నటి మంటలాంటిది వస్తుందట, వేలు పెట్టినా కాలదట. క్రిములు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని పంటి మీద పాచిగా అట్టకడతాయి. మందులకు ఓ పట్టాన లొంగని ఆ పాచిలోని క్రిముల్ని ఈ చల్లటి మంట చంపుతుందట. పరాయి దేశాల్లో, ల్యాబుల్లో, ఇంకా పరీక్షలే జరుగుతున్నాయని కూడా రాశారు. ముందు ముక్క మావకు గొప్పగా వినిపించాను. వెనక ముక్క గొణిగి ఊరుకున్నాను.

"నొప్పెట్టదేటి?" అన్నాడు.

"ఉండదంట మావా."

"మరయితే ఆ మిషనొచ్చినాకే సేద్దువులే. అందాకా ఓర్సుకుంతాను."

గట్టిగా కాదనాల్సింది. కానీ మేనకోడలికి ఏదో పెద్ద విద్య వచ్చని ఆయన ముఖంలో వెలుగు కనిపించింది. అది నాకు నచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తర్వాత పలాసకు చేపలు తెచ్చే ఆడవాళ్ల చేత కబుర్లు వచ్చేవి, మిషను వచ్చిందా అని. రాలేదు, ముందు నువ్వు రా అని నేను తిరుగు కబురు పంపేదాన్ని. ఒక్క ఆదివారం బస్సెక్కి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురావచ్చు. వెళ్లలేదు.

వేసవిలో వేట ఆపే రోజులొచ్చాయి. అప్పుడు పడవల్ని ఒడ్డుకు లాగి, అడుగున పట్టిన పాచి గీకి, జీడి నూనె పూస్తారు. జీడిపిక్క తొక్కలోంచి తీసే నల్లటి నూనె అది. చెక్కకు పురుగు పట్టనివ్వదు. ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలే. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తే చాలు.

ఒక మధ్యాహ్నం అత్త మావను ఆటోలో తీసుకొచ్చింది. పెదవి వాచిపోయింది. బుగ్గ లోపల తెల్లగా ఉడికిపోయింది. నాలుక మీద బొబ్బలు. పుచ్చిన పంటిలో నల్లటి దూది ఉండ.

ఇదేటి మావా అన్నాను. ఆయన మాట్లాడలేకపోయాడు. అత్తే చెప్పింది.

"నీ మిషను రాలేదు గదమ్మా. పడవ పురుగు సచ్చిపోతాది, పంటి పురుగెందుకు సావదు అని ఆ నూనే ఎట్టుకున్నాడు."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

దూది తీసి నోరు కడిగాను. కడుగుతుంటే ఆయన రెండు చేతులతో కుర్చీని పట్టుకున్నాడు. ఇంత చదివి, బీరువా నిండా మందులు పెట్టుకుని, నొప్పికి ఏమిద్దామన్నా చెయ్యి వెనక్కి వచ్చింది. కిడ్నీ డాక్టరుకు ఫోన్ చేసి ఆయన సరేనన్న ఒక్క మాత్రే ఇచ్చాను. అది ఏ మూలకూ చాలలేదు. పక్కన కూర్చున్నాను. అంతకన్నా చేయగలిగింది లేదు.

పుండు మానాక పన్ను తీసేశాను. పట్టకారు వేయగానే ముక్కలై వచ్చింది. వలల పని అంతటితో ఆగిపోయింది.

నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నేను వేరొకరి పంటిలో సిమెంటు నింపి, అది గట్టిపడడానికి నీలిరంగు లైటు పెట్టాను. అందరు డాక్టర్ల దగ్గరా ఉండే మామూలు లైటే. మావ లేచి దగ్గరకొచ్చాడు. కుర్చీలో మనిషి కదలకుండా ఉన్నాడు, ఎక్కడా కాలడం లేదు. ఆ వెలుగునే చూశాడు.

"వొచ్చేసిందన్నమాట," అన్నాడు. "పోనీలేమ్మా. నాకు ఆలిస్యమైపోనాది గానీ, ఈల్లకైనా పనికొత్తాది."

నేను లైటు ఆపి, కుర్చీలో ఉన్నాయన్ని నోరు మూయమన్నాను.