గ్లూటెన్ కోసం మా ఆయన వ్యాన్ సోదా చేశాను

మా ఆయన రెండో పూరీ వద్దన్న రోజే నాకు అనుమానం వచ్చింది.

ఆక్లాండ్ శివారు పాపకూరలో తెలిసినవాళ్ళ గృహప్రవేశం. పూరీలు పొంగుతూ వస్తున్నాయి. మా ఆయన ప్రసాద్ సంగతి తెలిసినవాళ్ళు ఆయనకి పూరీలు వడ్డించరు, బుట్ట తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోతారు. అలాంటి మనిషి ఒక్క పూరీ తిని, చెయ్యి కడిగేసుకుని, సోఫా మూలకి వెళ్ళి పొట్ట పట్టుకుని కూర్చున్నారు.

"ఏమైందండీ?" అన్నాను.

"ఏం లేదు అరుణా, కాస్త గ్యాస్."

మాది తెనాలి వైపు. మా ఇళ్ళలో గుండెలో నొప్పొచ్చినా గ్యాసే, గోరు నొప్పెట్టినా గ్యాసే. కాబట్టి నేను కంగారు పడలేదు. ఇంటికి రాగానే మా అమ్మమ్మ మందు ఇచ్చాను. పల్చటి మజ్జిగలో ఉప్పు, జీలకర్ర, చెంచాడు ఇంగువ. తాగి పడుకున్నారు. ఆ మజ్జిగని గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పనుంది.

మా ఆయన స్టూడెంట్‌గా న్యూజిలాండ్ వచ్చి, ఇక్కడే ఆక్లాండ్‌లో సెటిల్ అయ్యి, కొరియర్ వ్యాన్ నడుపుతున్నారు. నేను మనురేవాలో ఒక ఇండియన్ కిరాణా షాపులో కౌంటర్ దగ్గర పని చేస్తాను. పప్పులు, ఉప్పులు, మసాలాల గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం.

పూరీ వద్దన్న తర్వాత నాలుగు నెలల్లో ఆయన బెల్టుకి రెండు కొత్త చిల్లులు పడ్డాయి. నోట్లో పుళ్ళు. మధ్యాహ్నానికల్లా నీరసం. అన్నిటికంటే కష్టం విరేచనాలు. పార్సిళ్ళు పంచే మనిషికి ఇది ఎంత ఇబ్బందో ఆలోచించండి. మనురేవా నుంచి పాపకూర దాకా ఏ పార్కులో టాయిలెట్ ఎన్నింటికి తెరుస్తారో, ఎక్కడ పేపర్ ఉండదో ఆయనకి కంఠతా వచ్చేసింది.

నేను ఊరుకుంటానా? వైద్యం మొదలుపెట్టాను. అన్నం తింటే షుగర్ వస్తుందని మా ఇంట్లో రాత్రిపూట చపాతీలే. మనిషి చిక్కిపోతున్నాడని వాటిని మూడు నుంచి అయిదుకి పెంచాను. పొద్దున బలానికి గోధుమరవ్వ ఉప్మా. పొట్ట ఉబ్బరానికి రెండు పూటలా ఇంగువ మజ్జిగ. పాపం, ఆయన ఒక్క మాట అనకుండా తిన్నారు. నేను పెంచిన కొద్దీ ఆయన తగ్గారు.

ఒకరోజు ఆయన ఎవరింటికో పార్సిల్ తీసుకెళ్ళి, కళ్ళు తిరిగి, వాళ్ళ గుమ్మంలోనే కూలబడ్డారు. ఆ ఇంటావిడ నీళ్ళిచ్చి, ఆయన ఫోన్ నుంచే నాకు కాల్ చేసింది. ఆ రోజే మా జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నిదానస్తురాలు. బ్లడ్ టెస్ట్ రిపోర్ట్ చూసి, "ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, ఇంత తక్కువ పెట్టుకుని మీరు ఎలా నడుస్తున్నారో నాకు ఆశ్చర్యంగా ఉంది" అంది. ఇంకో కాగితం తిప్పింది. "టీటీజీ యాంటీబాడీస్ బాగా ఎక్కువున్నాయి. సీలియాక్ డిసీజ్ అనుకుంటున్నాను. ఎండోస్కోపీ చేసి బయాప్సీ తీయాలి."

సీలియాక్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ ఒంటికి పడకపోవడం. అది తింటే శరీరం తన చిన్నపేగుని తనే పాడుచేసుకుంటుంది. ఇది వినగానే నేను ఇంటికి పరుగెత్తి పిండి డబ్బా ఖాళీ చేశాను. చపాతీ పీట గరాజ్‌లో పడేశాను. మర్నాడు డాక్టరమ్మకి ఫోన్ చేసి ఘనంగా చెప్పాను.

"అయ్యో, ఇప్పుడే ఆపకండి" అంది ఆవిడ. "ఆపేస్తే పేగు మానడం మొదలుపెడుతుంది, బయాప్సీలో నార్మల్ అని రావచ్చు. టెస్ట్ అయ్యేదాకా రోజూ బ్రెడ్ తినాలి."

మళ్ళీ వెళ్ళి పిండి కొన్నాను. హాస్పిటల్ పిలుపు కోసం ఎదురుచూసిన ఆ వారాల్లో మా ఆయన పొట్ట పట్టుకుని మూలుగుతూనే రోజుకో బటర్ చికెన్ 'పై' (pie), అంటే మైదా పొరల మధ్య కూర పెట్టి కాల్చినది, తిన్నారు. ఈ దేశంలో డ్రైవర్లకి మధ్యాహ్నం పూట పై అంటే మన వాళ్ళకి పెరుగన్నం లాంటిది. "ఇది డాక్టర్ రాసిన మందు" అని నా ముందే కవరు చింపేవారు.

ఎండోస్కోపీలో సీలియాక్ అని తేలింది. ఎముకల స్కాన్‌లో ఆస్టియోపీనియా, అంటే ఎముకలు పల్చబడటం మొదలైందన్నారు. హాస్పిటల్‌లో స్పెషలిస్ట్ డాక్టర్ నెమ్మదిగా వివరించారు. "దీనికి మాత్ర లేదు. జీవితాంతం గ్లూటెన్ మానాలి. రొట్టె పొడి రాలినా లెక్కే."

మా ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "మరి పై?"

"గ్లూటెన్ ఫ్రీ పైలు కూడా దొరుకుతాయి" అన్నారు డాక్టర్. బాగుంటాయని మాత్రం అనలేదు.

నేను కంకణం కట్టుకున్నాను. రవ్వ, సేమ్యా, మైదా, సోయా సాస్, బిస్కెట్లు అన్నీ బయటికి. కొత్త టోస్టర్, కొత్త జల్లెడ. డైటీషియన్ ఇంట్లో ఉన్న ప్యాకెట్లన్నిటి లేబుళ్ళూ ఫోటో తీసి పంపమంటే, ఆవిడ చాలు మొర్రో అనేదాకా పంపాను. మా ఆయనకి మాత్రం ఇందులో ఒక పండగ ఉంది. ఏళ్ళ తర్వాత రాత్రిపూట అన్నం! ఇడ్లీ, పెసరట్టు, చారన్నం. "మనకేంటి అరుణా, మనం అన్నం తినేవాళ్ళం. ఈ కివీ వాళ్ళే పాపం" అన్నారు. ఇద్దరం కివీల మీద కాసేపు జాలిపడ్డాం.

మొదటి మూడు నెలలు కాస్త తేరుకున్నారు. తర్వాత బండి అక్కడే ఆగిపోయింది. ఒక వారం బాగుంటారు, మరో వారం మళ్ళీ ఉబ్బరం, మళ్ళీ పార్కులు. పొట్ట బాగాలేదని నేను మజ్జిగ ఇస్తూనే ఉన్నాను. ఆరు నెలల టెస్ట్‌లో యాంటీబాడీస్ కొంచెమే తగ్గాయి. ఏడాదికి చూస్తే ఆ అంకె ఉన్నచోటే కూర్చుంది.

స్పెషలిస్ట్ పెన్ను కింద పెట్టి ఆయన్ని అడిగారు. "ఎక్కడైనా కొంచెం గ్లూటెన్ తింటున్నారా? పని మధ్యలో? నేను తిట్టను, నిజం చెప్పండి."

"లేదు డాక్టర్" అన్నారు మా ఆయన. డాక్టర్ నా వైపు చూశారు. నేను మా ఆయన వైపు చూశాను.

"నిజంగా తిండిలో లేకపోతే రిఫ్రాక్టరీ సీలియాక్, అంటే గ్లూటెన్ మానినా తగ్గని రకం, ఉందేమో చూడాలి. అరుదుగా వస్తుంది. కానీ అది వేరే దారి, దాని ట్రీట్‌మెంట్ వేరు. మళ్ళీ ఎండోస్కోపీకి రాస్తాను."

కారులో కూర్చుని ఆ మాట ఫోన్‌లో వెతికాను. వెతక్కుండా ఉండాల్సింది. చదివినవన్నీ ఇక్కడ రాయను. మా ఆయన పక్కన కూర్చుని రేడియో పాట మారుస్తున్నారు. రెండే దారులు కనిపించాయి. ఆయనకి ఆ భయంకరమైన జబ్బయినా ఉండాలి, లేదా ఆయన నాతో అబద్ధమైనా ఆడుతుండాలి. అబద్ధమే అయ్యుండాలని దేవుడికి మొక్కుకున్నాను. మొగుడు మోసం చేస్తుంటే బాగుండునని మొక్కుకున్న ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో!

శనివారం ఆయన స్నానానికి వెళ్ళగానే వ్యాన్ తాళాలు తీసుకుని సోదా మొదలుపెట్టాను. మ్యాట్లు ఎత్తాను. పార్సిల్ పెట్టెలు జరిపాను. పక్క సీటు కింద చెయ్యి పెడితే దొరికింది, మెత్తటి కాగితం కవరు. బటర్ చికెన్ పై. లోపల పొరలు పొరలుగా పొడి, ఇంకా నూనె తడి ఆరలేదు.

సంతోషంతో నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మరుక్షణం కోపం నెత్తికెక్కింది. టవల్‌తో బయటికొచ్చిన మనిషి ముందు కవరు పట్టుకుని నిలబడ్డాను.

"ఏంటండీ ఇది?"

ఆయన కవరు చూసి, నన్ను చూసి, తల గోక్కున్నారు. "సియోనే తిన్నాడు." సియోనే అంటే ఆయనతో పాటు డిపోలో పనిచేసే టోంగా దీవుల అతను.

"సియోనే తింటే మీ సీటు కిందికి ఎందుకొచ్చింది?"

"ప్రతి శుక్రవారం నేనే కొనిస్తాను. వ్యాన్‌లో నా పక్కన కూర్చుని తినాలి, అదొక్కటే షరతు."

"ఎందుకు?"

"వాసన కోసం. వాసనలో గ్లూటెన్ ఉండదుగా అరుణా" అన్నారు.

ఇలాంటి కథ మీరైతే నమ్ముతారా? నేనూ నమ్మలేదు. "చిన్నపిల్లలు కూడా ఇంతకంటే బాగా అబద్ధమాడతారు" అన్నాను. "నన్నసలు నమ్మవా?" అన్నారాయన. నాలుగు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. వంట మాత్రం ఆగలేదు. ఆయనకి మళ్ళీ ఉబ్బరం వచ్చింది. కోపం కోపమే, మజ్జిగ మజ్జిగే అనుకుని గ్లాసు ఠప్పున బల్ల మీద పెట్టాను. ఆయన చప్పుడు చేయకుండా తాగేశారు.

బుధవారం షాపులో ఉన్నాను. తెల్లజుట్టు కివీ పెద్దావిడ ఒకామె పప్పు చేయడం నేర్చుకుంటోందట, చేతిలో చీటీ. ఇంగువ డబ్బా ఒకటి తీసుకుని కౌంటర్‌కి వచ్చింది.

"ఇందులో గ్లూటెన్ ఉండదు కదా డియర్? మా మనవరాలికి సీలియాక్" అంది.

నేను గర్వంగా నవ్వాను. "ఉండనే ఉండదు. ఇది చెట్టు జిగురు. మా ఆయనకీ సీలియాకే, నేను రోజూ ఇదే వేస్తాను."

ఆవిడ మర్యాదస్తురాలు. నా మాట విని కూడా కళ్ళజోడు పెట్టుకుని డబ్బా తిప్పింది. "మరి ఇక్కడ మొదటి మాటే వీట్ ఫ్లోర్ అని ఉందే?"

లాక్కున్నంత పని చేసి చదివాను. గోధుమ పిండి. బోల్డ్ అక్షరాల్లో. తర్వాత తుమ్మజిగురు, ఆ తర్వాతెక్కడో ఇంగువ. అరలో ఉన్నవన్నీ తిప్పి చూశాను. దాదాపు అన్నిటిలోనూ అదే. ఒక్క దాంట్లో మాత్రం బియ్యప్పిండి. వెనక లైను పెరిగిపోతోంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. ఈ డబ్బాలని నా చేత్తోనే స్కాన్ చేసి వందల మందికి అమ్మాను. ఇంట్లో మాత్రం పెద్ద ప్యాకెట్ కొని, పోపుల డబ్బా పక్కనుండే చిన్న స్టీలు డబ్బాలో పోసి, ప్యాకెట్ పారేస్తాను. అందుకే డైటీషియన్‌కి పంపిన ఫోటోల్లో ఇంగువ లేదు. ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఇక్కడ దొంగే పోలీసు కూడా.

బియ్యప్పిండి డబ్బా ఆవిడ చేతిలో పెట్టి, బియ్యం బస్తాల వెనక్కి వెళ్ళి ఆయనకి ఫోన్ చేశాను.

"ఏమండీ, మీరు పై తినలేదు."

"అదేగా నేను చెప్పేది."

"ఇంగువండీ. ఇంగువలో గోధుమపిండి కలుపుతారట."

ఆయన వ్యాన్ పక్కకి తీసి ఆపారు. ఇండికేటర్ టిక్కు టిక్కుమంటోంది.

"చారులో ఇంగువా?" అన్నారు.

"చారులో, పప్పులో, పులిహోరలో, మా అమ్మ పంపిన మాగాయలో కూడా ఉందేమో."

"మజ్జిగలో?"

"మజ్జిగలో చెంచాడు" అన్నాను. ఇక ఏడుపు ఆగలేదు. కడుపులో నొప్పని ఆ మనిషి నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నేను ఆ నొప్పినే గ్లాసులో పోసి ఇచ్చాను. పైగా వ్యాన్ సోదా చేశాను.

"ఊరుకో అరుణా" అన్నారు. ఆ తర్వాత నవ్వు మొదలుపెట్టారు. "ఇంత శ్రద్ధగా, రెండు పూటలా, జీలకర్ర కూడా వేసి ఎవరు చంపుతారు చెప్పు?"

ఆ శుక్రవారం డిపోకి వెళ్ళి సియోనేకి సారీ చెప్పాను. అతనికి నేనెందుకు చెబుతున్నానో కూడా తెలీదు. "తింటుంటే పక్కన కూర్చుని గాలి పీలుస్తాడు సిస్టర్. మొదట్లో భయమేసేది. ఫ్రీ పై కదా అని ఊరుకున్నా" అన్నాడు.

స్పెషలిస్ట్ ఈ కథ విని, ఎండోస్కోపీ కొన్నాళ్ళు ఆపి చూద్దామన్నారు. స్టీలు డబ్బా పారేశాను, మాగాయ జాడీ కూడా. తర్వాతి టెస్ట్‌లో యాంటీబాడీస్ సగానికి దిగాయి, ఆ తర్వాత నార్మల్‌కి వచ్చాయి. రిఫ్రాక్టరీ అన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఫెరిటిన్ లేచింది. ఎముకలకి కాల్షియం, విటమిన్ డి నడుస్తున్నాయి, వాటికి ఇంకా టైం పడుతుందన్నారు. బెల్టు పాత చిల్లుకి వచ్చింది. గ్లూటెన్ ఫ్రీ పై ఒకసారి కొని పెట్టాను. మర్యాదగా నమిలి, "అట్టపెట్టెలో కూర పోసినట్టుంది" అన్నారు. షాపులో ఎవరు ఇంగువ కొన్నా నేను వాళ్ళింట్లో పొట్టల గురించి ఆరా తీస్తున్నానని మా ఓనర్ సణుగుతున్నాడు.

నాలాంటి ఇల్లాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఎవరికైనా సీలియాక్ ఉంటే, ఏ ప్యాకెట్ విప్పి డబ్బాలో పోసినా దాని లేబుల్ కత్తిరించి ఆ డబ్బాకే అంటించండి. ఇంగువతో మొదలుపెట్టండి.

మొన్న వ్యాన్‌లో కూరగాయల సంచీ పెడుతుంటే సీటు కింద మళ్ళీ పై కవరు కనిపించింది. దులిపి చెత్తబుట్టలో వేశాను. ఇంట్లోకి వచ్చి ఆయనకి చారన్నం వడ్డించాను, ఏమీ అడగలేదు.