జైసింగన్నకు ఇనాం ఇచ్చే పద్ధతి

జైసింగన్నకు డబ్బు చేదేమీ కాదు. కానీ ఇచ్చే పద్ధతి తెలియనివాడు ఎంత పెద్ద నోటు చాపినా ముట్టుకునేవాడు కాదు. తొర్రూరు బస్టాండుకు ఎదురుగా ఉన్న మా హోటల్లో బల్ల బల్లకూ తిరిగి మ్యాజిక్ చేసిన రోజుల్లో, ఆయన జనాన్ని నవ్వించింది సగం పొద్దయితే, తనకు ఇనాం ఎలా ఇవ్వాలో వాళ్ళకు నేర్పించింది మిగతా సగం.

ఆయన్ని మేం పనిలో పెట్టుకోవడానికి కారణం మా వంటమాస్టరు లక్ష్మా. లక్ష్మా బిర్యానీకి పేరుంది. అది ఎప్పుడు వస్తుందన్నది మాత్రం లక్ష్మాకు కూడా తెలియదు. ఆకలితో వచ్చినవాళ్ళు కోపంతో తిని వెళ్ళేవారు. పిల్లలైతే చెంచాలతో బల్లల మీద డప్పు కొట్టేవారు. అలాంటి రోజుల్లో గూడూరు వైపు తండా నుంచి, రెండు రంగుల గుండీలున్న నల్లకోటు వేసుకుని జైసింగన్న వచ్చాడు. గల్లా దగ్గర కూర్చున్న మా ఆయన హన్మంత్ చెవిలోంచి నిమ్మకాయ తీసి చేతిలో పెట్టాడు. మా ఆయన చెవి తడుముకుని, "లోపట ఇంకేమన్న ఉన్నయా?" అని నిజంగానే అడిగాడు. కొలువు ఖాయమైపోయింది. మా దగ్గర రెండు పూటల భోజనం, కొంచెం జీతం. మిగతాది తినేవాళ్ళు సంతోషంగా ఇచ్చుకునే ఇనాం.

మొదటి రోజే పేచీ వచ్చింది. ఎరువుల దుకాణం ఆయన ఒకడు ఆట చూసి మురిసిపోయి సోంపు పళ్ళెంలో నోటు పెట్టాడు. జైసింగన్న ఆ పళ్ళేన్ని రెండు చేతులా ఎత్తి తీసుకుపోయి, వడ్డించే వీరేందర్‌కు ఇచ్చి వచ్చాడు. దుకాణం ఆయన తెల్లబోతే మెల్లగా చెప్పాడు.

"సోంపు పళ్ళెంల పెట్టింది అన్నం తెచ్చినోనిది సేటూ. నాది చెయ్యికి చెయ్యి."

ఇంకొకాయన చెయ్యికి చెయ్యి ఇవ్వబోయాడు. ఆ చేతి నిండా మాంసం పులుసు. జైసింగన్న ఆయన్ని నల్లా దగ్గరికి తీసుకుపోయి, కడుక్కునేదాకా తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆట మొదలుపెట్టకముందే పది రూపాయలు ఇచ్చేవాళ్ళు ఉంటారు, మా బల్ల దగ్గరికి రాకు అని దాని అర్థం. అలాంటి నోటు మాయమై, వాళ్ళు తింటున్న పళ్ళెం కింద తేలేది. ఫోను మాట్లాడుతూ ఇస్తే తీసుకోడు. ఎటో చూస్తూ ఇస్తే తీసుకోడు. కడిగిన కుడిచేత్తో, కళ్ళలోకి చూసి, ఆటలో ఏది నచ్చిందో ఒక మాట చెప్పి ఇవ్వాలి. అప్పుడు కోటు సర్దుకుని, తల వంచి తీసుకునేవాడు.

కాంట్రాక్టర్ రాంచందర్ సంగతి తొర్రూరులో చాలాకాలం చెప్పుకున్నారు. ఆయన పదిమంది అనుచరులతో వచ్చి, ఆట అయ్యాక పెద్దనోటు తీసి, హోటలంతా చూసేదాకా గాలిలో ఊపాడు. ఇది నాకిస్తున్నవా, ఊరికి చూపిస్తున్నవా అని జైసింగన్న అడిగాడు. అడిగి ఊరుకున్నా బాగుండేది. నోటును మాయం చేసి, పక్కనే కూర్చున్న అనుచరుడి చొక్కా జేబులోంచి బయటికి తీశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రాంచందర్ మాత్రం భోజనం మానేసి, ఆ అనుచరుణ్ణి పాత లెక్కలన్నీ అడగడం మొదలుపెట్టాడు. చిత్రమేమిటంటే, వాడు రెండు మూడు ఒప్పుకున్నాడు కూడా.

అలాగని ఇనాం అంటే నోటే కావాలని లేదు. దవాఖానకు వచ్చి, కొడుకుతో కలిసి భోజనానికి ఆగిన కొమురవ్వ అనే ముసలావిడ, ఆట చూసి సంచిలోంచి సీతాఫలం తీసింది. "నవ్వి నవ్వి పక్కటెముకలు నొస్తున్నయి కొడుకా, గిది తిను" అంది. జైసింగన్న దాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఆ తర్వాత నెలరోజులు వచ్చినవాళ్ళందరికీ ఆ అవ్వనే ఉదాహరణగా చూపించాడు. ఇచ్చుడంటే అట్ల ఇయ్యాలె అనేవాడు.

ఒకసారి మా ఆయన విసిగిపోయి, గిరాకి ఎట్ల ఇస్తే నీకేంది, తీసుకోరాదా అని గట్టిగానే అడిగాడు. జైసింగన్న కోప్పడలేదు. పడుచు వయసులో డోర్నకల్ జంక్షన్లో ఆగిన రైళ్ళ దగ్గర ఆట చేసేవాడట. రైలు కదిలాక కిటికీల్లోంచి చిల్లర విసిరేవారట. పట్టాల మధ్య కంకరలో వెతికి ఏరుకునేవాడట.

"విసిరెయ్యంగ ఏరుకున్నోన్ని చెల్లె నేను," అని నాతో అన్నాడు. "వంగుడు కష్టం గాదు. ఇచ్చినోని మొకం కనవడకపోవుడే కష్టం."



ఈ పాఠాలన్నీ ఒంటబట్టించుకున్న శిష్యుడు ఒక్కడే ఉండేవాడు, ఆర్టీసీ కండక్టర్ రాజేశ్. బస్సు ఆగినప్పుడల్లా మా దగ్గర చాయ్ తాగుతూ జైసింగన్న పద్ధతులు చూసేవాడు. ఇనాం ఇస్తే అచ్చం చెప్పినట్టు ఇచ్చేవాడు. ఇచ్చేది ఎంతైనా, రాజేశ్ తమ్మున్ని చూసి నేర్చుకోండ్రి అని జైసింగన్న పక్క బల్లలవాళ్ళను దెప్పేవాడు.

అంతలో తెలంగాణ కోసం సకలజనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోలు దాటలేదు. బళ్ళు మూతపడ్డాయి. ఆఫీసులకు పోవాల్సినవాళ్ళు రోడ్డు మీద వంటా వార్పూ చేస్తున్నారు. మాకేమో బస్టాండు బోసిపోయి బేరం పడిపోయింది. లక్ష్మా బిర్యానీ తొలిసారి టైముకు తయారయ్యేది, తినేవాళ్ళే లేరు. జైసింగన్న ఖాళీ బల్లల ముందు కూడా కోటు వేసుకునే నిలబడేవాడు. పొద్దున జేఏసీ శిబిరంలో కూర్చున్నవాళ్ళకు ఆటలు చేసి వచ్చేవాడు. అక్కడ మాత్రం ఇనాం మాటే ఎత్తేవాడు కాదు.

జీతాల్లేక నెల దాటుతున్నప్పుడు, ఒక మధ్యాహ్నం రాజేశ్ తన భార్య రజితను, ఆరేళ్ళ బిడ్డ రక్షితను తీసుకుని వచ్చాడు. పాప పుట్టినరోజు. మ్యాజిక్ తాత దగ్గరికి తీసుకుపోతానని సమ్మెకు ముందే మాటిచ్చాడట. ఒక్క బిర్యానీ చెప్పారు. తమకు ఆకలి లేదని, దారిలో తిన్నామని రజిత ఎవరూ అడగకముందే చెప్పింది. నేను గల్లా దగ్గర తల వంచుకుని ఏదో రాస్తున్నట్టు కూర్చున్నాను.

ఆ రోజు జైసింగన్న చేసిన ఆట నేను మళ్ళీ చూడలేదు. పాప జడలోంచి రుమాళ్ళు, ఉప్పు సీసాలోంచి పూసలు, రాజేశ్ మోచేతిలోంచి కోడిగుడ్డు తీశాడు. రక్షిత కుర్చీ మీద నిలబడి నవ్వింది. ఆట అయ్యాక రాజేశ్ లేచాడు. నల్లా దగ్గర చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. జేబులోంచి నోటు తీసి, కుడిచేత్తో, కళ్ళలోకి చూస్తూ, "గుడ్డు తీసిన ఆట మస్తుందన్నా," అని చాపాడు.

జైసింగన్న ఆ చేతిని అటూ ఇటూ చూశాడు. తప్పు దొరకలేదు. చివరికి, పుట్టినరోజు నాడు మెజీషియన్ ఇనాం తీసుకోవద్దు, అది మా గురువు పెట్టిన పద్ధతి అన్నాడు. ఆ గురువు పేరు కూడా మేం ఎప్పుడూ వినలేదు.

రాజేశ్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మొహం మాత్రం ఎర్రబడింది.

"జీతం లేదని జాలివడుతున్నవా అన్నా? నువ్వు చెప్పినట్టే ఇస్తున్న. నా బిడ్డ చూస్తున్నది, తీసుకో."

జైసింగన్న కోటు సర్దుకున్నాడు. తల వంచి, రెండు చేతులతో తీసుకున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది.

ఆయన మాత్రం కదల్లేదు. రక్షితను దగ్గరికి పిలిచి, ఆమె గుప్పిట్లో ఒక చింతగింజ పెట్టి, చెవిలో ఏదో చెప్పాడు. పాప గుప్పిట మూసి, ఊది, తెరిచింది. గింజ లేదు. తన చెయ్యి తనే నమ్మలేనట్టు చూసుకుంది. ఇంకో చెయ్యి తెరిస్తే అందులో ఉంది. మేమందరం చప్పట్లు కొట్టాం.

అప్పుడు జైసింగన్న నల్లా దగ్గరికి పోయి చెయ్యి కడుక్కుని వచ్చాడు. పాప ముందు మోకాలి మీద కూర్చుని, అదే నోటు కుడిచేత్తో చాపి, గింజ మాయం చేసిన ఆట చాలా నచ్చిందన్నాడు. రాజేశ్ ఏదో అనబోయాడు. పద్ధతి ప్రకారం ఇచ్చిన ఇనాం కాదనొద్దని నువ్వే కదా తమ్మీ అన్నవు అన్నట్టు జైసింగన్న ఒక్క చూపు చూశాడు. రజిత కొంగుతో మొహం తుడుచుకుంది.

రక్షిత మాత్రం చెయ్యి చాపలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని జైసింగన్న మొహాన్ని పరీక్షగా చూసింది. అప్పటికే ఆయన కళ్ళు నిండి ఉన్నాయి.

"ఏడ్చుకుంట ఇస్తే నేను తీసుకోను తాతా," అంది.

జీవితమంతా ఇతరుల ఇనాంలో తప్పులు పట్టిన మనిషికి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. లేచి, మళ్ళీ నల్లా దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. అద్దంలో చూసుకుని నవ్వు సరిచేసుకున్నాడు. తిరిగొచ్చి కూర్చుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఇచ్చాడు. పాప కాసేపు ఆలోచించి, సరేనన్నట్టు తీసుకుని, తల వంచింది.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలైనా, ఆయన మాత్రం ఆ రోజు సంగతి వచ్చిన ప్రతి బల్లకూ చెప్పేవాడు. నా ఇనాంను వాపస్ చేసిన మెజీషియన్ ఒక్కతే ఉంది, ఆరేండ్లది అని మొదలుపెట్టేవాడు. ఆ కథ ఎంత పొడుగయ్యేదంటే, బిర్యానీ వచ్చి చల్లారుతున్నా ఎవరూ చెంచా ఎత్తేవారు కాదు.